కొమ్మ వేసిన దారి

హిందూపురం నుంచి గండికోట దాకా సైకిళ్ళ మీద పోయామని చెబితే అందరూ గండికోట గురించే అడుగుతారు. లోయ ఎంత లోతు, పెన్నలో నీళ్ళున్నాయా, ఫోటోలు చూపించు అంటారు. ఫోటోలు చూపిస్తాను. కానీ ఆ నాలుగు రోజుల్లో నాకు ఇప్పటికీ పదే పదే గుర్తొచ్చేది మొదటి రోజు. ఆ రోజు మేం గండికోటకు దరిదాపుల్లో కూడా లేం. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, పేరు కూడా సరిగా తెలియని ఒక మట్టిదారిలో ఉన్నాం. ఉన్నాం అనడం కూడా తప్పే. నేను ఒకచోట ఉన్నాను, రామాంజి ఎక్కడున్నాడో తెలియదు.

హిందూపురం

ముందు నా సంగతి చెప్పాలి. మా ఆవిడ నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది. నాది జిరాక్స్ షాపు. కూర్చుని చేసే పని. కూర్చోవడం ఒక్కటే నాకు చేతకాదు. పొద్దున్నుంచి సాయంత్రం లోపల పదిసార్లు టీ వంకతో బయటికి పోతాను. పోయేటప్పుడు గుమ్మానికి అడ్డంగా ఒక వెదురుకర్ర పెడతాను. కర్ర ఉంటే లోపలికి రావద్దని అర్థం. మా వీధిలో అందరికీ తెలుసు. "సీనన్న కర్ర పెట్టినాడు" అని నవ్వుకుని వెనక్కి పోతారు.

రామాంజి దీనికి పూర్తిగా విరుద్ధం. నా షాపు పక్కనే కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. రాగి తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడంటే మధ్యాహ్నం భోజనానికి పిలిచినా వినపడదు. వాళ్ళది రొద్దం దగ్గర పల్లె. నాయన కాలం దాకా గొర్రెలు మేపిన ఇల్లు. మూడోవాడు దేవదానం, చిలమత్తూరు వైపువాడు, ప్రైమరీ స్కూలు టీచరు. ముగ్గురం పదో తరగతి నుంచి స్నేహితులం. ముగ్గురికీ నలభై ఐదు దాటాయి. సైకిళ్ళ మీద గండికోట పోదామని పదిహేనేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం. ఆ చలికాలంలో దేవదానానికి సెలవు దొరికింది, నేను షాపుకు కర్ర బదులు తాళం వేశాను, రామాంజి మోటార్లన్నీ ముందే చుట్టి ఇచ్చేశాడు.

నాకూ దేవదానానికీ గేర్ల సైకిళ్ళు, సెకండ్ హ్యాండువి. రామాంజి మాత్రం తన పాత నల్ల సైకిలే తెస్తానన్నాడు. మోటార్లు మోసిన సైకిలు, క్యారియరే నాలుగు కేజీలు ఉంటుంది.

తెల్లవారి ఐదున్నరకు వాళ్ళింటి ముందు నిలబడ్డాం. రామాంజి భార్య లక్ష్మీదేవి క్యారియరుకు సంచి కట్టింది. మధ్యాహ్నానికి జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి, మాత్రల కవరు, ఒక పొట్లంలో చక్కెర. రామాంజికి షుగర్ ఉంది. మాత్ర వేసుకుని వేళకు తినకపోతే ఒళ్ళంతా వణుకు పుట్టి పడిపోతాడు. రెండేళ్ళ కిందట ఒకసారి అలాగే షాపులో పడితే పక్కనున్న నేనే ఎత్తి కూర్చోబెట్టాను.

"అన్నా," అంది ఆమె నాతో, "నీ కాలు నిలవదు. ఆయప్పను వదిలేసి ముందరికి పోవద్దు. ఒంటిగంట లోపల ఏదో ఒకటి తినల్ల. చక్కెర పొట్లం ఈడుండాది, చూసుకో."

"నా పక్కనే ఉంటాడు కదమ్మా, భయమెందుకు" అన్నాను.

మాట ఇవ్వడం ఎంతసేపు. నా ఒక కాలు అప్పటికే పెడలు మీద ఉంది.

సోమందేపల్లి

ఊరు దాటగానే మంచు. మల్బరీ తోటల మీద తెల్లగా పరుచుకుని ఉంది. చలికి చెవులు నొప్పి పుట్టాయి. కొద్దిసేపటికి పొద్దెక్కి, రోడ్డు వారన ఆరబోసిన చెనిక్కాయ కట్టె, అంటే ఎండిన వేరుశనగ చెట్ల వాసన మొదలైంది. ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది, చిన్నప్పటి అలవాటు.

ప్రతి నాలుగైదు కిలోమీటర్లకూ నేను ఆగాను. ఆగానంటే విశ్రాంతికి కాదు. వెనక్కి తిరిగి చూసి, రామాంజి చుక్కలాగా కనబడితే, మళ్ళీ కదిలేవాణ్ణి. అతను నన్ను చేరుకునే సరికి నాకు అక్కడ నిలబడ్డం విసుగొచ్చి ఉండేది. అంటే విశ్రాంతి నాకే, అతనికి లేదు. ఈ లెక్క నాకు అప్పుడు తట్టలేదు.

సోమందేపల్లిలో టిఫిను. ప్లేటు బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. హిందూపురంలో ఇదే నలభైకి ఉగ్గాని రవ్వంత ఎక్కువ పెడతారని దేవదానం అందరూ వినేలా అన్నాడు. ప్రార్థన చేసుకుని తినే మనిషి, ప్రార్థన అయిన మరుక్షణం రేట్ల గురించి మాట్లాడతాడు. హోటలావిడ అతని ప్లేటులో ఇంకో బజ్జీ పడేసింది.

మా సైకిళ్ళ చుట్టూ నలుగురు చేరారు. ఒక పెద్దాయన నా గేర్లను వేలితో తాకి చూశాడు.

"ఏం మొక్కుబడప్పా?"

"మొక్కుబడి కాదు పెద్దాయనా, ఊరికే పోతాండాం."

"ఊరికేనా? గండికోటకా?" ఆయన రామాంజి వైపు తిరిగాడు, ముగ్గురిలో అతనే నమ్మదగినవాడన్నట్టు. "ఏమప్పా, పెట్రోలు అంత రేటయిందా?"

రామాంజి నవ్వి కూర్చున్నాడు. వాళ్ళది ఏ ఊరు, బోరులో నీళ్ళు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, మోటారు ఎన్ని హార్స్‌పవరు, అన్నీ అడిగాడు. ఆ పెద్దాయన మోటారు సొద చేస్తోందట. ఏ బేరింగు మార్చాలో చెప్పాడు. అరగంట గడిచింది. నేను అప్పటికి మూడుసార్లు సైకిలెక్కి దిగాను.

పెనుకొండ

హైవే మీద లారీల గాలికి సైకిలు పక్కకు ఊగుతుంది. కొండ కనబడ్డాక కూడా చాలాసేపు దూరంగానే ఉంది. పెనుకొండ కొండ అంతే, ఇదిగో వచ్చేశాం అనిపిస్తూ గంట తొక్కిస్తుంది.

ఊళ్ళోకి చేరేసరికి పదకొండు కావస్తోంది. దర్గా వీధిలో టీ తాగాం. పది రూపాయల టీ, గ్లాసు చిన్నది, చిక్కగా ఉంది. మా హిందూపురంలో బెంగళూరు గాలి తగిలి కాఫీ ఎక్కువైంది. ఇక్కడ టీదే రాజ్యం. రామాంజి కోట వైపు తలెత్తి చూశాడు.

"ఒకసారి పైకెక్కి చూద్దామా? మా నాయన ఈ కొండ కింద జీవాలను ఒక ఎండాకాలమంతా మేపినాడంట. పై నుంచి చూస్తే మా ఊరి గుట్టలు కనబడతాయని చెప్పేటోడు."

"వచ్చేటప్పుడు చూద్దాం లేరా" అన్నాను. వచ్చేటప్పుడు మేం రైల్లో వస్తామని ముగ్గురికీ తెలుసు. రామాంజి మళ్ళీ అడగలేదు.

అతను బాగా వెనకబడుతున్నాడు. బరువు తీసేస్తే కొంత వేగంగా తొక్కుతాడని నాకు తోచింది. అతని క్యారియరు మీది సంచి విప్పి నా సైకిలుకు కట్టుకున్నాను. జేబులో ఫోను తొడకు తగులుతోందంటే అదీ తీసి నా సంచిలో వేసుకున్నాను. దేవదానం చూసి, "ఏమబ్బా, మంచోడివే" అన్నాడు. నేనూ నన్ను మంచివాడినే అనుకున్నాను. రొట్టెలు, మాత్రలు, చక్కెర, ఫోను, అన్నీ నా దగ్గరికి వచ్చేశాయి. అతని దగ్గర మిగిలింది ఒక నీళ్ళ బాటిలు.

లారీల బాధ పడలేక హైవే వదిలి లోపలి దారుల్లో పోదామనుకున్నాం. టీ అంగడాయన దారి చెప్పాడు. చెరువుకట్ట, చర్చి, పాడుబడిన బావి, చీలికలు చాలానే ఉన్నాయి.

"నేను ముందు పోతాంటా," అన్నాను, "దారి చీలిన చోట కొమ్మ వేసి పోతా. చూసుకుంటా రా."

"సరే, కొమ్మెయ్యి" అన్నాడు రామాంజి.

ఇద్దరం పల్లెల్లో పుట్టినవాళ్ళం. కొమ్మ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరిలో ఒక్కడూ, కొమ్మ ఎక్కడ వేస్తావు, దానికి అర్థమేమిటి అని అడగలేదు.

తంగేటి కొమ్మ

నేను పుట్టిన అగళి వైపు జాతరకు బండ్లు కట్టుకుని పోయేటప్పుడు, ముందు బండివాళ్ళు దారి చీలిన ప్రతిచోటా దిగి, పోకూడని దారికి అడ్డంగా ఒక పచ్చికొమ్మ వేసి రాయి పెట్టేవాళ్ళు. వెనక బండ్లు కొమ్మ చూసి ఆ దారి వదిలేసేవి. నాయన పక్కన కూర్చుని ఎన్నిసార్లు దిగి కొమ్మ వేశానో. ఆ పని అంటే నాకు ప్రాణం, బండి దిగి పరిగెత్తొచ్చు కదా.

చెరువుకట్ట, చర్చి దగ్గర రామాంజి కనబడేంత దూరంలోనే ఉన్నాడు, చెయ్యి చూపిస్తే సరిపోయింది. పాడుబడిన బావి దగ్గర దారి రెండుగా చీలింది. ధర్మవరానికి కుడివైపు. నేను ఒక తంగేటి కొమ్మ విరిచి ఎడమ దారికి అడ్డంగా వేసి రాయి పెట్టాను. పసుపు పూలతో ఎంత దూరానికైనా కనిపిస్తుంది. వెనక రామాంజి కోసం చూశాను. కనబడలేదు. "ఆగుదామా?" అన్నాడు దేవదానం. "కొమ్మ వేసినాం కదా" అన్నాను.

కుడి దారిలో నాలుగు కిలోమీటర్లు పోయాక ఒక చేనులో ఆడవాళ్ళు చెనిక్కాయ చెట్ల నుంచి కాయలు తెంపుతున్నారు. పిలిచారు. ఎండు కట్టె మంటలో కాల్చిన పచ్చి కాయలు తువ్వాలులో పోసి ఇచ్చారు. మూతులు నల్లగా చేసుకుని తిన్నాం. మీకు జీతమెంత, పిల్లలెంతమంది, ఇంట్లో కొట్లాడి వచ్చినారా అని అడిగారు. చివరిదానికి దేవదానం నన్ను చూపించాడు.

అలా అరగంట. ఒంటిగంటయింది. ఇంకో పావుగంట. కాయలు మా నోటికి చప్పబడ్డాయి. నా కళ్ళు దారి మీదే ఉన్నాయి. రామాంజి నిదానం నాకు తెలుసు, కానీ నాలుగు కిలోమీటర్లకు ఇంతసేపు కాదు. నా సైకిలుకు కట్టిన సంచి చూశాను.

"సీనా," అన్నాడు దేవదానం నెమ్మదిగా, "వాడు మాత్ర ఎప్పుడేసుకున్న్యాడు?"

"సోమందేపల్లిలో."

సైకిళ్ళు వెనక్కి తిప్పాం.

అవ్వ చెప్పిన అర్థం

బావి దగ్గరికి వచ్చేసరికి నా కొమ్మ నేను వేసిన చోటే ఉంది. రాయి కదలలేదు. దాన్ని పక్కగా తప్పించుకుని, ఎడమ దారి మట్టిలో ఒక సన్నటి చక్రం గీత పోయింది. ఆ గీత నాకు బాగా తెలుసు. నల్ల సైకిలు వెనక టైరు పట్టీ అరిగి నున్నగా ఉంటుంది.

"రావద్దని వేస్తే ఇట్లెట్ల పోయినాడురా!" అని అరిచాను. నాకు భయం వేసినప్పుడు మొదట కోపం వస్తుంది.

ఆ దారిలో కొంచెం పోగానే ఒక అవ్వ గొర్రెలు మేపుతోంది. భుజాన కంబళి, చేతిలో కర్ర.

"అవ్వా, ఇట్ల ఒకాయన సైకిలు మీద పోయినాడా? నల్ల సైకిలు."

"పాయెనప్పా, శానాసేపాయె. మొగమంతా చెమటలు కారతాండె. నీళ్ళియ్యవ్వా అంటే ఇస్తి. చేతులు వణుకుతాండె. రోంత బువ్వ తినిపో నాయనా అంటి. మావాళ్ళు ముందరుండారు, బువ్వ వాళ్ళకాడే ఉండాది, కొమ్మేసి పోయినారు చూడు అనె."

"కొమ్మ వేసింది రావద్దని అవ్వా!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "యా ఊరప్పా మీది?"

"అగళి పక్క."

"అదీ సంగతి. మాది రొద్దం సీమ. జీవాలు తోలుకొని పోయినోళ్ళు, ఎనక బువ్వ తెచ్చేవాళ్ళకు దారి తెలియల్లని, పోయిన దోవలో కొమ్మేస్తారు. నేను కాపురానికొచ్చినప్పటి నుంచి కొమ్మలు చూసుకుంటానే బువ్వ మోసినా. కొమ్మ ఉండాదంటే ఆడ మనిషి ఎదురు చూస్తాండాడని. రావద్దనేదానికి కొమ్మ ఏంటికప్పా వేసేది?"

ఒకే కొమ్మ. మా ఊళ్ళో అది రావద్దంటుంది, రామాంజి వాళ్ళ ఊళ్ళో రమ్మంటుంది. మేం ఎదురు చూస్తున్నామని నమ్మి, ఆకలితో, అవ్వ బువ్వ పెడతానన్నా వద్దని పోయాడు. పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నట్టు అతని తిండి నా క్యారియరు మీద ఉంది.

అప్పుడే నా సంచిలో ఫోను మోగింది. నాది కాదు, రామాంజిది. తీసి చూస్తే 'ఇల్లు' అని ఉంది. ఎత్తాలా వద్దా అని దాన్ని చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఎత్తాను.

"ఎవరు, సీనన్నా? ఆయప్ప ఫోను నువ్వెత్తినావేంటికి?"

"ఫోను నా సంచిలో ఉండాదమ్మా."

"తిన్న్యాడా?"

"ఆ... వెనకాల వస్తాండాడు."

అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అబద్ధమే. పెట్టేశాక నా చెమట పట్టిన చెవికి ఫోను అంటుకుని ఉంది. దేవదానం నా వైపు చూడకుండా సైకిలెక్కాడు.

రెండో కొమ్మ

ఎలా తొక్కానో నాకు తెలియదు. దారి మట్టి నుంచి గులకరాళ్ళకు మారింది, చక్రం గీత కనబడడం మానేసింది. రెండు కిలోమీటర్ల తర్వాత ఒక గుట్ట పక్కన దారి మళ్ళీ చీలింది. ఎడమ దారిలో ఒక వేపకొమ్మ ఉంది, దాని మీద రాయి. ఆకులు ఇంకా వాడలేదు.

నా గుండె కుదుటపడింది. "వాడే! వాడే వేసినాడు. ఇట్ల పోయినాడు!"

"ఎవరినైనా అడుగుదామా?" అన్నాడు దేవదానం.

"అడిగేదేముంది, అవ్వ చెప్పింది కదా. వాళ్ళ లెక్కలో కొమ్మ ఉంటే రమ్మని."

ఎడమ దారి పట్టాను. గుట్ట చుట్టూ తిరిగి, పైకి ఎక్కి, ఒక కంకర క్వారీలో పోయి ఆగింది. అంతే, ఆ తర్వాత దారి లేదు. సగం కొరికిన గుట్ట, తుప్పు పట్టిన జల్లెడ, ఒక రేకుల షెడ్డు, షెడ్డు ముందు కాపలా మనిషి.

"సైకిలాయనా? ఎవరూ రాలేదు సామీ. పొద్దున్నుంచి మీరే."

నేను గుట్ట అంచుకు పోయి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి, "రామాంజీ!" అని అరిచాను. క్వారీ గోడకు తగిలి నా గొంతే తిరిగి వచ్చింది. ఎక్కడ పడి ఉంటాడు? ముళ్ళ కంపల్లోనా? సైకిలు మీద పడిందా? కళ్ళు తిరిగి పడినవాడు పిలిస్తే పలుకుతాడా? రెండేళ్ళ కిందట షాపులో అతన్ని ఎత్తినప్పుడు, తల ఎంత బరువుగా నా భుజం మీద వాలిందో గుర్తొచ్చింది. ఏడ్చాను. దేవదానం ముందు ఏడవడం నాకేమీ సిగ్గనిపించలేదు.

దేవదానం షెడ్డు నీడలో కూర్చుని నేలను చూస్తున్నాడు. ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను. కాదు, ఆలోచిస్తున్నాడు. రెండు పుల్లలు పెట్టి, పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"సీనా, విను. వాడు నీ కొమ్మను వాని లెక్కలో చదివినాడు. తప్పిపోయినాడు. సరేనా? తప్పిపోయినానని వానికీ తెలిసింటుంది కదా. తెలిస్తే ఏం చేస్తాడు? సీనగాని లెక్క వేరే అనుకుంటాడు. మనం వస్తామని, నీ లెక్కలో కొమ్మ వేసింటాడు."

"అంటే?"

"అంటే ఈ దోవలో రావద్దని."

రామాంజి భాష నేను నేర్చుకున్నాను, నా భాష అతను నేర్చుకున్నాడు. ఇద్దరం మర్యాదకు పోయి ఒకరి భాషలో ఒకరం మాట్లాడుకుని, మళ్ళీ తప్పిపోయాం.

మగ్గం ఉన్న ఇల్లు

వెనక్కి దిగి కుడి దారి పట్టాం, ఒక మైలు కూడా లేదు. గుట్ట మలుపు తిరగగానే పల్లె, ముప్పై నలభై ఇళ్ళు. మొదటి వీధిలోనే నల్ల సైకిలు ఒక గోడకు ఆనించి ఉంది. లోపల మగ్గం చప్పుడు.

రామాంజి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందు కంచం, పక్కన చెంబు. ముఖం పాలిపోయి ఉంది కానీ మనిషి నిటారుగా ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

"ఏమిరా ఇంత లేటు? కొమ్మేసింటి కదా?"

"వేసినావు. దాని మీదే పోయినాం."

"దాని మీదెట్ల పోతార్రా? రావద్దని కదా వేసింది! నీ లెక్కలోనే వేస్తి."

సైకిలు అక్కడే పడేసి పోయి అతని పక్కన కూలబడ్డాను. భుజం పట్టుకున్నాను. ఇంకా చెమటకు చల్లగా ఉంది.

జరిగింది అతను చెప్పాడు. చాలా దూరం వచ్చినా మా టైర్ల గుర్తులు కనబడలేదట. ఎదురుగా వచ్చిన ట్రాక్టరాయన ఎవరినీ చూడలేదన్నాడట. కాళ్ళు వణుకుతుంటే గుట్ట దగ్గర రాయి మీద కూర్చున్నాడట.

"కూర్చుంటే నీ షాపు కర్ర గుర్తొచ్చింది. నువ్వు ఏది అడ్డం పెట్టినా రావద్దనే కదరా పెట్టేది. వీని కొమ్మ కూడా అదే అయ్యుంటుంది అనుకుంటి. వెనక్కి తొక్కేదానికి చేతకాలేదు. మోపెడ్ మీద పోయే ఆయమ్మ ఊరు ఇట్ల దగ్గరే అనె. మీరొస్తారని ఆ క్వారీ దోవకు కొమ్మేసి వస్తి."

చేతులు వణికే మనిషి, వేపచెట్టు దాకా నడిచి కొమ్మ విరిచి, రాయి మోసి, నాకు అర్థమయ్యేలా నా పద్ధతిలో పెట్టి వచ్చాడు. బావి దగ్గర నేను అతని కోసం ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు. ఇది రాస్తుంటే కూడా నాకు సిగ్గుగానే ఉంది.

ఆ ఇల్లు నేతగాడు నాగభూషణంది. ధర్మవరం షావుకారుకు పట్టుచీరలు నేస్తాడు. రామాంజి గడప దగ్గర తూలితే ఆయన భార్య పట్టుకుని, ముందు బెల్లం నోట్లో పెట్టి, తర్వాత సంగటి వడ్డించింది. మాకూ పెట్టింది. మా వైపు ముద్ద అంటే ఉత్త రాగిపిండి, గట్టిగా, గొంతు దిగేటప్పుడు తెలుస్తుంది. ఇక్కడ సంగటిలో బియ్యం పడతాయి, మెత్తగా జారిపోతుంది. మీద చెనిక్కాయల ఊరిబిండి, నెయ్యి. నేను మూడుసార్లు పెట్టించుకున్నాను. లక్ష్మీదేవి కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఆమె పిల్లలకు ఇస్తే ఆమె రొట్టె తుంచి చూసి, "చేయి తిరిగిన మనిషే చేసింది" అంది.

నాగభూషణం మగ్గం గుంతలో నుంచి పైకి రాకుండానే మమ్మల్ని పలకరించాడు. కింద ఆయన కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూనే ఉన్నాయి.

"యాడిదాకా తొక్కుతారు?"

"గండికోట దాకా" అన్నాను.

"బాగుండాది. నేను ముప్పై ఏండ్లుగా తొక్కుతాండా, ఈ గుంత దాటలేదు." నవ్వాడు. "నువ్వు ఒకచోట కూర్చునే మనిషివి కాదు లేప్పా. ఈడికొచ్చినప్పటి నుంచి చూస్తాండా, నాలుగుసార్లు లేస్తివి."

రామాంజి మాత్ర వేసుకున్నాక, ఫోను తీసి అతనికి ఇచ్చాను. ఇంటికి చేశాడు. "తింటి. బాగుండా. సీన పక్కనే ఉండాడు" అన్నాడు. నన్ను కాపాడుతున్నాడు. నేను ఫోను తీసుకున్నాను.

"అమ్మా, నేను వదిలేసి పోయినా. ఇందాక నీకు చెప్పింది అబద్ధం. రెండు గంటలు కనబడలేదు. ఒక ఇంట్లో సంగటి పెట్టి బతికించినారు."

"ఆ ఇంటామెకు ఇయ్యన్నా ఫోను" అంది లక్ష్మీదేవి. ఆ ఇద్దరు ఆడవాళ్ళు పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు, మధ్యలో ఆ ఇల్లాలు నన్ను రెండుసార్లు చూసింది.

ఎండ వాలాక బయలుదేరాం. సంచి విప్పి రామాంజి క్యారియరుకే మళ్ళీ కట్టాను. అతను తాడు బిగువు చూసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు:

"రేపటి నుంచి కొమ్మలొద్దురా. దోవ చీలిన చోట నువ్వే నిలబడు."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తేలికగా ఉండేది.

ధర్మవరం

చివరి పదిహేను కిలోమీటర్లలో దాదాపు అంతా నేను వెనకే తొక్కాను. ఎంత కష్టమో చెప్పలేను. కాళ్ళు వాటంతటవి ముందుకు పోతాయి. బ్రేకు పట్టి, పట్టి, చేతులు నొప్పి పుట్టాయి. రామాంజి ప్రతి టమాటా తోట దగ్గరా తల తిప్పి చూస్తాడు. ప్రతి బోరు మోటారు చప్పుడుకూ చెవి పెడతాడు, ఇది బాగుంది, ఇది ఆరు నెలల్లో కాలిపోతుంది అని చెబుతాడు. ఇరవై ఏళ్ళుగా పక్క షాపులో ఉన్నాను. అతను మోటారు చప్పుడు విని దాని ఆయుష్షు చెబుతాడని నాకు ఆ రోజే తెలిసింది.

ధర్మవరం ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ఇద్దరూ ఒకచోట నీళ్ళ కోసం ఆగారు. "నువ్వు పోతాండు, నిలవలేవు కదా" అని రామాంజే నవ్వుతూ పంపాడు. పోయాను. ఊరి మొదట్లో దారి చీలింది, ఒకటి రైల్వే స్టేషన్ వైపు, ఒకటి చీరల అంగళ్ళ వైపు. మా లాడ్జి చీరల వైపు.

సైకిలు దిగాను. స్టాండు వేశాను. చీలిక మధ్యలో, రెండు దారులకూ కనబడేలా నిలబడ్డాను.

ఐదు నిమిషాలు. పది. పొద్దు గూకుతోంది. వీధుల్లో మగ్గాల చప్పుడు ఆగడం మొదలైంది. ఒక టీ అంగడి ఎదురుగానే ఉంది, పోలేదు. పక్కన కానుగ చెట్టుంది, చేతికందేంత కొమ్మలు. కాలు మార్చి కాలు మీద నిలబడ్డాను. వాళ్ళు ఇంకా కనబడలేదు.

చీరల మూట వెనక కట్టుకున్న ఒకాయన మోపెడ్ ఆపి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా, చాలాసేపటి నుంచి చూస్తాండా, ఈడనే నిలబడుకోని ఉండావు. దోవ తెలీదా?"

"దోవ తెలుసన్నా," అన్నాను. "మనిషి రావల్ల."